కామేశ్వరిగారి చెయ్యి

మొన్న వట్లూరులో మా కాలేజీ ల్యాబులో ఒక అమ్మాయి గాజు ట్యూబు మూతికి పెట్టే దూది బిరడాను స్పిరిట్ దీపానికి మరీ దగ్గరగా పట్టుకుంది. దూది అంచు గోధుమరంగుకు తిరిగి, సన్నగా పొగ లేచి, గదంతా మాడిన దూది వాసన నిండిపోయింది. ఆ అమ్మాయి బెదిరిపోయి నా వైపు చూసింది. మామూలుగా అయితే నాలుగు చీవాట్లు పెట్టేదాన్నే. ఆ రోజు మాత్రం కుర్చీ లాక్కుని ఊరికే కూర్చుండిపోయాను. కైకలూరులో ఐసు కొట్టు పైన ఒక మేడగది, అందులో ఇదే వాసన, ఆ వాసన మధ్య నిటారుగా కూర్చుని పనిచేసుకునే కామేశ్వరిగారు గుర్తొచ్చారు. ఆవిడ పోయి రెండేళ్లు కావస్తోంది. ఆవిడ గురించి ఎవరికైనా చెప్పాలని చాలాసార్లు నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను. ఆవిడ సంగతి చెబితే నా సంగతి కూడా చెప్పాల్సి వస్తుంది. ఇవాళ రెండూ చెబుతాను.

నేను తాడేపల్లిగూడెంలో బెల్లం వ్యాపారం చేసే ఇంట్లో పుట్టాను. కొట్టుకు వచ్చిన మనిషిని పలకరించకపోవడం మా ఇంట్లో మహాపరాధం. "ఏవండీ, బొత్తిగా నల్లపూసైపోయారు, పిల్లలు కులాసానా" అని అడిగాకే మా నాన్నగారు తక్కెడ ముట్టుకునేవారు. అలా పెరిగినదాన్ని, మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ పట్టా పుచ్చుకుని, నోరు విప్పకూడని ఉద్యోగంలో చేరాను. కామేశ్వరిగారిది చిన్న ల్యాబు. రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చెయ్యడం ఒక పని. రెండో పని, ఆవిడకు ప్రాణంలాంటిది, ఒక మంచి బ్యాక్టీరియాను పెంచి రైతులకు ఇవ్వడం. చెరువు అడుగున మిగిలిపోయిన మేత కుళ్లి నీరు విషమైపోకుండా అది ఆ చెత్తను తినేస్తుంది. కొల్లేటి బురదలోంచి ఆవిడే దాన్ని వేరుచేసి తీశారు. నెలనెలా పాత ట్యూబులోంచి కొత్త ట్యూబులోకి మారుస్తూ పన్నెండేళ్లుగా బతికిస్తున్నారు. రైతులు దాన్ని బెల్లంనీళ్లలో కలిపి, ఒక రోజు ఉంచి, చెరువులో పోసుకునేవారు. పాలల్లో వేసే తోడు లాంటిదే కాబట్టి అందరూ 'మేడంగారి తోడు' అనేవారు.

ఆవిడ పెంటపాడు రైతుల ఇంటి ఆడపడుచు. పెళ్లి చేసుకోలేదు, ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. సన్నగా, పొడవుగా, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన నేత చీరలో ఉండేవారు. గాజులు వేసుకునేవారు కాదు, పూలు పెట్టుకునేవారు కాదు. నేను మొదటిరోజు తలనిండా మల్లెపూలతో వెళితే చిన్న నవ్వు నవ్వి, "పూలు చాలా బాగున్నాయమ్మా, ఆ వాకిలి పక్కన మేకుకి తగిలించేసి రా" అన్నారు. పని మొదలుపెట్టేముందు బల్లంతా స్పిరిట్‌తో తుడవాలి. ఫ్యాను ఆపెయ్యాలి. మే నెలలో కైకలూరులో ఫ్యాను ఆపుకుని కూర్చోవడమంటే ఏమిటో అక్కడ ఉన్నవాళ్లకే తెలుస్తుంది. చెమట గడ్డం మీదుగా కారుతున్నా తుడుచుకోకూడదు. అన్నిటికన్నా కఠినమైన నియమం ఇంకొకటుంది. దీపం దగ్గర కూర్చుని ట్యూబు మూత తీశాక నోరు మెదపకూడదు.

"మీ నాన్నగారే వచ్చి పిలిచినా సరే, పలకొద్దు. మూత పెట్టేశాక, దీపం ఆర్పేశాక, అప్పుడు లేచి వెళ్లి ఎన్ని మాటలైనా మాట్లాడుకో" అన్నారు.

"అలా పలక్కుండా కూర్చుంటే బాగుంటుందాండీ? పెద్దవాళ్లు ఏమనుకుంటారు?" అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్లి సూక్ష్మజీవులు పెరిగే జెల్లీలాంటి అగార్ పోసిన ఒక ప్లేటు తెచ్చి, మూత తీసి నా ముందు పెట్టారు. "దీంతో కాసేపు మాట్లాడు. నీ పేరు, ఊరు, మీ కొట్లో బెల్లం సంగతులు, ఏవైనా సరే" అన్నారు. నేను నవ్వాపుకుంటూ జాన దూరంలోంచి ఆ ప్లేటుతో రెండు నిమిషాలు కబుర్లు చెప్పాను. మూత పెట్టి, వెచ్చని పెట్టెలో దాచారు. రెండు రోజుల తర్వాత తీసి చూపిస్తే ప్లేటు నిండా తెల్లవీ పసుపువీ చుక్కలు. "చూశావా, నీ మాటలు ఎలా మొలిచాయో" అన్నారు. అప్పట్నుంచి ఆ నియమాన్ని నేనెప్పుడూ వెక్కిరించలేదు. బయట తలుపుకి ఆవిడ ఒక పలక వేలాడదీశారు. 'లోపల దీపం వెలుగుతోంది. దయచేసి పిలవకండి. బయటికి వచ్చి పలుకుతాం' అని సుద్దముక్కతో గుండ్రటి అక్షరాలు. కొత్తవాళ్లు దాన్ని చూసి నొచ్చుకునేవారు. పాతవాళ్లు మెట్ల మీదే కూర్చుని, మేడంగారి మౌనవ్రతం ఎప్పుడు పూర్తవుతుందా అని వేళాకోళాలాడుకునేవారు.

ఆవిడ పని చేస్తుంటే చూడాలి. ఎడమచేతిలో రెండు ట్యూబులు, పాతదీ కొత్తదీ, జత చేసి పట్టుకునేవారు. కుడిచేతిలో కొన ఉంగరంలా వంచిన సన్నని తీగ. తీగను ఎర్రగా కాల్చి, అదే చేతి చిటికెనవేలితో దూది బిరడాలు లాగి, ట్యూబుల మూతులు మంటకు చూపించి, పాతదాంట్లోంచి కొంచెం తీసి, కొత్తదాని మీద పాముమెలికలాగా గీసి, మళ్లీ మంటకు చూపించి, బిరడాలు పెట్టేసేవారు. మొత్తం మీద ఊపిరి ఒకసారి బిగబట్టి వదిలేంత సేపు. తొందర ఉండేది కాదు, తడబాటూ ఉండేది కాదు. నేను ఆ పని నేర్చుకోవడానికి రెండు చేతుల్లో నీళ్ల ట్యూబులు పట్టుకుని నెల రోజులు సాధన చేశాను. ఆవిడ పక్కన నిలబడి నా మోచెయ్యి కాస్త పైకి జరిపేవారు, అంతే. నాకు చేతిపని నేర్పింది ఆవిడే. ఆ మాట వరకు ఈ రోజుకీ నా విద్యార్థుల ముందు గర్వంగానే చెబుతాను.

నాలుగో ఏడు వచ్చేసరికి నెలనెలా తోడు మార్చే పని నాకు అప్పగించారు. ఒకరోజు ఆవిడ పోస్టాఫీసుకి వెళ్లారు. నేను దీపం ముందు కూర్చుని, పాత ట్యూబు, కొత్త ట్యూబు రెండూ మూతలు తీసి పట్టుకున్నాను. తలుపు తోసుకుని సూర్యనారాయణగారు లోపలికి వచ్చారు. ఆయనకు కొల్లేటి అంచున రొయ్యల చెరువు ఉంది. అరవై దాటిన మనిషి, నన్ను సొంత అన్న కూతురిలా చూసేవారు. వచ్చినప్పుడల్లా తాటిముంజెలో, ఈతకాయలో ఏవో ఒకటి తెచ్చేవారు. పలక సంగతి ఆయనకు బాగా తెలుసు. ఆ రోజు చెరువులో రొయ్యలు మేత ముట్టడం లేదన్న బెంగలో పలక వైపు చూసినట్టు లేదు.

"ఏమ్మా మాధవీ, బాగున్నావా?" అన్నారు.

నేను తల తిప్పాను. "బాగున్నానండీ బాబాయిగారూ, కూర్చోండి, మేడంగారు ఇప్పుడే వచ్చేస్తారు" అన్నాను. పుట్టినప్పట్నుంచి నేర్చుకున్న మర్యాద అది, ఆలోచించేలోపే నోట్లోంచి వచ్చేసింది. అన్నాక చూసుకుంటే మూత తెరిచిన కొత్త ట్యూబు సరిగ్గా నా గడ్డం కింద ఉంది. అలాంటప్పుడు ఏం చెయ్యాలో ఆవిడ చెప్పి ఉన్నారు. ఆ ట్యూబు పారేసి మళ్లీ మొదటినుంచి చెయ్యాలి. కానీ సిద్ధంగా ఉన్న ట్యూబుల్లో అదే ఆఖరిది. మళ్లీ అగార్ కాచి, పెద్ద ప్రెషర్ కుక్కరులాంటి ఆటోక్లేవులో పెట్టి, చల్లార్చేసరికి ఇంకో రోజు పడుతుంది. ఆయన ఎదురుగా బెంగపడుతూ కూర్చున్నారు. ఒక్క మాటకే ఏమైపోతుందిలే అనుకుని బిరడా పెట్టేశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. కొత్త ట్యూబు తయారయ్యాక అందులోంచి ఒక ప్లేటు మీద గీసి రెండు రోజులు చూడాలి. వేరే సూక్ష్మజీవి ఏదైనా చొరబడితే అందులో బయటపడుతుంది. చూసి, రిజిస్టరులో 'శుభ్రం' అనో 'కాదు' అనో రాయాలి. ఆ రాతను బట్టే ఆవిడ ఆ ట్యూబులోంచి ఫ్లాస్కులోకి, ఫ్లాస్కులోంచి క్యానుల్లోకి పెంచేవారు. రెండో రోజు పొద్దున్న ప్లేటు తీసి చూస్తే గీతల వెంట మా బ్యాక్టీరియా తెల్లగా, ముడతలు ముడతలుగా పెరిగి ఉంది. ఒక్కచోట, అంచు దగ్గర, ఆవగింజంత పసుపుపచ్చ చుక్క నున్నగా మెరుస్తూ కనబడింది. గాల్లోంచి ప్లేటు మీద పడిందేమోలే, ట్యూబులో ఉండదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సూర్యనారాయణగారు అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారు. ఆవిడ పక్కగదిలోంచి "మాధవీ, ఎలా ఉందమ్మా?" అని అడిగారు. నేను 'శుభ్రం' అని రాశాను. ఆ ప్లేటును ఆటోక్లేవులో వేసి, ఆనవాలు లేకుండా ఉడికించేశాను.

వారం తిరిగేసరికి, ఆ తోడు తీసుకెళ్లిన సూర్యనారాయణగారి దగ్గర్నుంచి కబురు వచ్చింది. క్యానులో తోడు బెల్లంనీళ్లలో కలిపితే ఎప్పటి వాసన కాకుండా ముక్కు పగిలే వాసన వేసిందట. మేడంగారి తోడు కదా, ఏం కాదులే అని నమ్మి ఆయన పోసేశారు. నీరు బాగుపడలేదు. నాలుగో రోజు పొద్దున్న రొయ్యలన్నీ తేలిపోయాయి. ఆవిడ మిగిలిన క్యాను తెప్పించి ప్లేట్ల మీద గీసి చూశారు. ఆ పసుపు చుక్కలే ప్లేటంతా. మా తెల్లది వెతికితే గానీ కనబడలేదు. ఆ రోజు కామేశ్వరిగారు రిజిస్టరు ముందు పెట్టుకుని ఒక్కో వరసా చూసుకుంటూ వచ్చారు. నా వరసలో 'శుభ్రం' అని ఉంది. అంటే ట్యూబు మంచిది. ఆ తర్వాత దాన్ని ముట్టుకున్న చెయ్యి ఒక్కటే ఉంది.

"నా దగ్గరే తేడా వచ్చిందమ్మా" అన్నారు. "ఈమధ్య టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి కొంచెం వణుకుతోంది. తీగ ఎక్కడో తగిలి ఉంటుంది. నేనే చూసుకోలేదు."

అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. ఉద్యోగం పోతుందని కాదు, ఆవిడ నన్ను చూసే చూపు మారిపోతుందని భయపడ్డాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. మర్నాడు ఆవిడ నన్ను వెంటబెట్టుకుని సూర్యనారాయణగారి చెరువు దగ్గరికి వెళ్లారు. గట్టు మీద సున్నం చల్లి ఉంది. చచ్చిన రొయ్యల్ని గుంట తీసి పూడుస్తున్నారు. ఆ కంపులో ఆవిడ చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"తప్పు మీ చెరువులో లేదండీ. నా చేతిలో జరిగింది. నేనిచ్చిన తోడే చెడిపోయింది" అన్నారు.

సూర్యనారాయణగారు తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నారు. "కావాలని చేశారాండీ మీరు? ఎండలో నిలబడ్డారు, ముందు ఇలా నీడకి రండి" అన్నారు. ఆయన తిట్టి ఉంటే అక్కడే ఏడ్చి చెప్పేసి ఉండేదాన్నేమో. పలకకూడని చోట పలికినదాన్ని, పలకాల్సిన చోట నోరు కుట్టేసుకుని నిలబడ్డాను. తిరిగి వస్తున్నప్పుడు ఆటోలో ఆవిడ కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఒడిలో పెట్టుకున్నారు.

ఆ మర్నాటి నుంచి ఆవిడ దీపం ముందు కూర్చోలేదు. ఉన్న ట్యూబులన్నీ ఆటోక్లేవులో వేయించేశారు. అదృష్టవశాత్తూ చాలాకాలం క్రితం నూనె పోసి దాచిన ఒక పాత ట్యూబు మిగిలింది. అందులోంచి తోడును మళ్లీ బతికించాలి. "నువ్వు కూర్చో" అని తన కుర్చీ చూపించారు. వద్దండీ, మీరే చెయ్యండి అని బతిమాలాను. "నా చెయ్యి మీద నాకు నమ్మకం లేదమ్మా ఇంక. నీ చెయ్యి మంచిది" అన్నారు. నేను దీపం వెలిగించాను. ఆవిడ గోడవార స్టూలు మీద కూర్చుని, ఊపిరి కూడా గట్టిగా పీల్చకుండా చూస్తున్నారు. అయినా పని తప్పలేదు, ఆవిడ అంత బాగా నేర్పారు. మూడో రోజు ప్లేటు మీద ముడతల తెల్లది ఒక్కటే పెరిగింది. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా తల మీద చెయ్యి వేశారు. నాకు భూమిలోకి కుంగిపోయినట్టు అనిపించింది.

రోజులు గడిచేకొద్దీ చెప్పడం మరింత కష్టమైంది. మొదటిరోజు చెబితే పొరపాటు, నెల తర్వాత చెబితే మోసం, ఏడాది తర్వాత చెప్పాలంటే దానికి పేరే తోచలేదు. ఆవిడ ఫోన్లు చూసుకునేవారు, రైతులతో మాట్లాడేవారు, బల్ల తుడిచేవారు. ఎవరైనా "మేడంగారూ, మీ చేత్తో ఇవ్వండీ" అని అడిగితే నా వైపు చూపించేవారు. నా పేరు మాత్రం చుట్టుపక్కల పాకింది. ఆ పేరుతోనే వట్లూరు కాలేజీలో ఉద్యోగం వచ్చింది. వెళ్లనా మాననా అని తటపటాయిస్తే ఆవిడే అప్లికేషన్ నింపించారు. నేను వచ్చేశాక ల్యాబు ఎంతోకాలం నడవలేదు. తాళం వేసి, పెంటపాడులో తమ్ముడుగారి ఇంటికి వెళ్లిపోయారు. నెలకోసారి ఫోన్ చేసేదాన్ని. పంటలు, వానలు, నా విద్యార్థులు, అన్నీ మాట్లాడుకునేవాళ్లం. ఆ ఒక్కటి తప్ప.

ఆ తప్పు జరిగిన తొమ్మిదేళ్లకు ఒకరోజు తమ్ముడుగారు ఫోన్ చేసి, అక్కకు ఒంట్లో బాగా లేదని, కాలేయం పూర్తిగా పాడైపోయిందని, ఏలూరు డాక్టర్లు ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నారని చెప్పారు. మర్నాడే వెళ్లాను. నాట్లు పడుతున్న రోజులు, పెంటపాడు దారి పొడవునా నీళ్లు పెట్టి దమ్ము చేసిన చేలు. ఆవిడ ముందుగదిలో మంచం మీద ఉన్నారు. సగానికి సగం అయిపోయారు. నన్ను చూసి మొహం వెలిగింది. "పిల్లలకి ఫ్యాను ఆపడం అలవాటయిందా?" అని అడిగారు. కాసేపు అవీ ఇవీ మాట్లాడాను. ఇక ఇప్పుడు కాకపోతే ఎప్పుడూ లేదని తెలిసి, తల వంచుకుని మొత్తం చెప్పేశాను. సూర్యనారాయణగారు పిలవడం, నేను పలకడం, ప్లేటు మీద చుక్క, 'శుభ్రం' అన్న రాత.

అంతా అయ్యాక, "ఆ చుక్క ఏ రంగు?" అని అడిగారు.

"పసుపుపచ్చండీ. నున్నగా ఉంది."

"ఒక్కటేనా?"

"ఒక్కటేనండీ. నేను చూశాను. చూసే రాశాను."

కిటికీలోంచి చేలల్లో నాట్లు వేసేవాళ్ల మాటలు వినబడుతున్నాయి. ఆవిడ దుప్పటి కిందనుంచి కుడిచెయ్యి నెమ్మదిగా బయటికి తీసి, ముఖానికి ఎదురుగా ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. ఆ చెయ్యి అప్పటికి నిజంగానే వణుకుతోంది, జబ్బు వల్ల.

"అయితే నా చెయ్యి బాగానే ఉందన్నమాట" అన్నారు.

అందులో కోపం లేదు. చాలాకాలం వెతికిన వస్తువు ఎక్కడుందో ఎవరో చెబితే అనే మాటలాగే ఉంది. నేను ఆవిడ మంచం కోడు పట్టుకుని ఏడ్చాను. ఆవిడ ఊరుకోమనలేదు, వెళ్లిపొమ్మనీ అనలేదు. నా ఏడుపు ఆగాక, "సూర్యనారాయణగారికి కూడా చెప్పు" అన్నారు. చెబుతానన్నాను. కళ్లు మూసుకున్నారు. నేను లేచి వచ్చేసేదాకా ఆ చెయ్యి దుప్పటి మీదే ఉంది.

ఆదివారం కైకలూరు వెళ్లి సూర్యనారాయణగారికి చెప్పాను. ఆయనకిప్పుడు చూపు సరిగ్గా ఆనదు, చెరువు కొడుకులు చూసుకుంటున్నారు. విని, చాలాసేపు కర్ర కొనతో నేల మీద గీశారు. "నా చెరువు సంగతి సరేలేమ్మా. పోయింది, మళ్లీ వేసుకున్నాం" అన్నారు. "ఆవిడ ఆ తర్వాత నేను ఎదురైతే తలెత్తి మాట్లాడేవారు కాదు. అదే నాకు బాధగా ఉండేది." ఆ మాట వెళ్లి ఆవిడకు చెప్పే అవకాశం రాలేదు. ఆ వారంలోనే పోయారు.

మా కాలేజీ ల్యాబు రిజిస్టరులో ఇప్పుడు 'శుభ్రం', 'కాదు' అనేవాటి పక్కన 'అనుమానం' అని మూడో గడి ఉంది. అందులో రాసినవాళ్లను నేను ఒక్క మాట కూడా అనను. ఏటా కొత్తగా చేరిన పిల్లలకు ఆ గడి ఎందుకు పెట్టానో మాత్రం ఇన్నాళ్లూ చెప్పలేదు. మొన్న దూది మాడ్చిన అమ్మాయికి మొదటిసారి చెప్పాను. అంతా విని ఆ అమ్మాయి, "చివరికి ఆవిడ మిమ్మల్ని క్షమించారా మేడం?" అని అడిగింది. తెలియదని చెప్పాను. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఆవిడ నేర్పిన పని నా చేతుల్లో ఉంది, దాంతో నేను బతుకుతున్నాను, పదిమందికి నేర్పుతున్నాను. దాంతోపాటు ఆ తొమ్మిదేళ్లు కూడా నా దగ్గరే ఉన్నాయి. ఏ తప్పూ చెయ్యని ఒక చెయ్యి, తనను తానే అనుమానించుకుంటూ, పని లేక ఒడిలో పడి ఉన్న తొమ్మిదేళ్లు.